‘క’ పలకని నాలుగేళ్ల బాబుకి తెలుగు యాప్ ఏదైనా ఉందా?

మాది కరీంనగర్. మా బాబుకి మొన్ననే నాలుగేళ్లు నిండాయి. వినికిడి పరీక్ష చేయించాం, ఏ లోపమూ లేదన్నారు. చెప్పిందల్లా అర్థం చేసుకుంటాడు. కానీ ‘క’ పలకదు. కుక్క అంటే తుత్త. మా మరిదిని ‘కాకా’ అని పిలవబోయి ‘తాతా’ అంటాడు. పాతికేళ్లకే తాతయ్యావని ఇంట్లో ఒకటే నవ్వు. ఆ నవ్వు చూసి ఇప్పుడు వాడు మాట్లాడటమే తగ్గించాడు, అదే నా టెన్షన్.

స్పీచ్ థెరపీ వారానికి ఒక్కరోజే. మిగతా రోజులు ఇంట్లో చేయించమన్నారని ట్యాబ్‌లో కొన్ని యాప్‌లు వేశాను. అన్నీ ఇంగ్లిష్‌వే. పైగా వాడు పలికినా పలకకపోయినా బొమ్మ నొక్కితే చాలు, బెలూన్లు పేలతాయి!

చివరికి కుండ, కత్తెర ఫోటోలు తీసి, వాడి గొంతే రికార్డు చేసి వినిపించాను. ‘తుండ’ అని వినగానే నావైపు చూసి ‘తాదు’ అన్నాడు. అంటే తప్పు తెలుస్తోంది కదా?

ఇలా మన ఫోటోలు, మన గొంతు పెట్టుకునే తెలుగు యాప్ ఎవరైనా వాడారా? చెన్నైవాళ్ల అవాజ్ యాప్ గురించి విన్నాను, కానీ అది బొమ్మ నొక్కితే పిల్లల బదులు తానే మాట పలికేది. ఉచ్చారణకి పనికొస్తుందా? ఇంకోటి, ఈ వయసుకి స్క్రీన్ రోజుకి గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మీరు ఈ సాధనని కూడా ఆ గంటలోనే లెక్కేస్తున్నారా?