హైదరాబాద్–డల్లాస్ 14,400 కి.మీ. అయితే టికెట్‌లో 22 గంటలు ఎందుకు?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దూరం 14,400 కి.మీ. అని వస్తోంది. గంటకి 900 వేసుకుంటే 16 గంటలు చాలాలి. టికెట్లు మాత్రం 22 గంటల నుంచి మొదలవుతున్నాయి. ఇంకో టికెట్‌లో ఉదయం 10కి ఎక్కి అదే రోజు రాత్రి 8:30కి దిగుతారని ఉంది. జనవరిలో అమ్మానాన్నలకి బుక్ చేయాలి. లెక్క ఎలా వేయాలి?

జవాబు 1:
గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుంటే వచ్చే దూరమండీ అది. ఆ దారం మధ్య ఆసియా, రష్యా దాటి 85 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా, అంటే దాదాపు ధ్రువం పక్కకే వెళ్లి, కెనడా మీదుగా దిగుతుంది. ఆ దారిలో మీకు నేరుగా విమానం లేదు కాబట్టి ఆ అంకె పక్కన పెట్టి, ఒక్కో అంచె విడిగా చూడండి. దుబాయ్ మీదుగా అయితే 2,550 + 12,920, దాదాపు 15,470 కి.మీ.

ఇక గాలి. విమానాలు ఎగిరే ఎత్తులో జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి పడమటి నుంచి తూర్పుకి వీస్తుంది, చలికాలంలో మరీ బలంగా. అందుకే దుబాయ్–డల్లాస్ 16 గంటలు దాటుతుంది, అదే దూరం తిరిగి వచ్చేటప్పుడు 15 లోపే అయిపోవచ్చు. టికెట్‌లో వేసే సమయం గేటు నుంచి గేటుకి. రన్‌వే దాకా వెళ్లడం, వరసలో ఆగడం అందులోనే ఉంటాయి.

జవాబు 2:
10కి ఎక్కి 8:30కి దిగడం తప్పేం కాదు. జనవరిలో డల్లాస్ మనకన్నా 11:30 గంటలు వెనక. అక్కడ రాత్రి 8:30 అంటే ఇక్కడ మర్నాడు ఉదయం 8. మొత్తం 22 గంటలు: దుబాయ్‌కి 4, ఆగేది 2, తర్వాత 16. మార్చి రెండో ఆదివారం నుంచి నవంబర్ మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం గంట ముందుకి జరుపుతారు కాబట్టి తేడా 10:30 గంటలే.

జవాబు 3:
పెద్దవాళ్లకి ఆ 2 గంటలు చాలవు. మొదటి విమానం 40 నిమిషాలు ఆలస్యమైతే సెక్యూరిటీ దాటి గేటు చేరేసరికి బోర్డింగ్ ముగిసిపోతుంది. 3 నుంచి 4 గంటలు ఉన్నది తీసుకోండి, వీల్‌చైర్ బుకింగ్‌లోనే అడగండి. రెండు అంచెలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. శంషాబాద్‌లో బ్యాగుకి కట్టే చీటీ మీద చివరి ఊరు డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్ ఎయిర్‌పోర్ట్ కోడ్) అని ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోమనండి.

షికాగో, నెవార్క్ మీదుగా వద్దు. ఇమిగ్రేషన్ అక్కడే అవుతుంది, బ్యాగులు బెల్టు మీంచి తీసి కస్టమ్స్ దాటించి మళ్లీ ఇవ్వాలి. దుబాయ్, దోహాల నుంచి అయితే ఆ పని డల్లాస్‌లోనే, అప్పటికి మీరు బయటే ఉంటారు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. తిరుగు ప్రయాణం కూడా ఇంతేనా?

జవాబు 2:
గంటలు కాస్త తగ్గుతాయి, తేదీలు మాత్రం పెరుగుతాయి. డల్లాస్‌లో 10వ తేదీ రాత్రి 8కి ఎక్కితే, మధ్యలో 3 గంటలు ఆగినా 21:30 గంటల ప్రయాణం, శంషాబాద్‌లో దిగేది 12వ తేదీ తెల్లవారుజామున 5కి. కారు 11కి కాదు, 12కి చెప్పండి.