సమానత్వమనే ఆదర్శం ఎవరిదాకా, ఎలా విస్తరించింది?

ఒంగోలు విద్యార్థి:
మనుషులందరూ సమానమేనని 1776లో అమెరికా, 1789లో ఫ్రాన్సు ప్రకటించాయి. అయినా అమెరికాలో బానిసత్వం 1865 దాకా సాగింది. ఫ్రాన్సు స్త్రీలకు ఓటు హక్కు 1944లో గాని రాలేదు. మరి ఆ ఆదర్శం విస్తరించింది ఎలాగండీ?

కావలి మాస్టారు:
ఆ సమానత్వానికి వెలుపల ఉండిపోయినవారు ఆ మాటనే పట్టుకుని నిలదీయడం వల్లనే. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులను అనుమతించాలని 1946లో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్షకు కూర్చోవలసి వచ్చింది. చట్టం ముందు అందరూ సమానులేనన్న 14వ అధికరణంతో సరిపెట్టుకోక, మన రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని ప్రత్యేకంగా రద్దు చేయడానికి కారణం ఇటువంటి అనుభవాలే.

చీరాల పాఠకురాలు:
మాస్టారూ, రద్దయ్యాక జరిగినదీ చెప్పాలి కదా. కారంచేడులో దళితులు నీళ్లు తెచ్చుకునే చెరువు దగ్గర గేదెలకు కుడితి పెట్టిన బకెట్టు కడగడాన్ని ప్రశ్నించినందుకు గొడవ మొదలై, 1985 జూలై 17న జరిగిన దాడిలో ఆరుగురు దళితులు హతులయ్యారు. బాధితులు ఊరు విడిచి చీరాలలో శిబిరం వేసుకుని పోరాడారు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వెనుక అటువంటి పోరాటాల ఒత్తిడి ఉంది. పార్లమెంటు తనంతట తాను దయతలచి ఇచ్చినదని నేననుకోను.

ఉదయగిరి వాసి:
కులం దగ్గరే ఆపకండి. వయోజన విద్య తరగతుల్లో అక్షరాలు నేర్చుకున్న నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలే సారా వ్యతిరేక ఉద్యమానికి నాంది పలికారు.