‘ఇంటర్‌అర్బన్’కు ‘నగరాంతర రైలు’ సరిపోతుందా?

ప్రశ్న: ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అమెరికాలో ఊరికీ ఊరికీ మధ్య విరివిగా నడిచిన ఇంటర్‌అర్బన్ విద్యుత్ రైళ్ల గురించి వ్యాసం రాస్తున్నాను. ‘నగరాంతర రైలు’, ‘అంతర్నగర రైలు’ అన్న రెండింటిలో ఏది సాధువో పెద్దలు తెలుపగలరు.

సమాధానం: వ్యాకరణం వరకైతే రెండూ నిలుస్తాయి, కానీ రెండింటి అర్థాలూ వేరు. దేశాంతరం అంటే మరో దేశం, గ్రామాంతరం అంటే మరో ఊరు. కులాంతర వివాహమూ వేరే కులంతో జరిగే పెళ్లే కనుక, ఆ వరుసలో ‘నగరాంతర’ అంటే వేరొక నగరానికి సంబంధించినదని వస్తుంది. ఇక ‘అంతర్’ లాటిన్ ‘ఇంటర్’కు తోబుట్టువే అయినా, దానికి ‘మధ్య’ అన్న అర్థంతో పాటు ‘లోపల’ అన్న అర్థమూ ఉంది. ‘నగర’ బదులు ‘పుర’ వేసి చూడండి, అంతఃపుర రైలవుతుంది. అందులో రాణివాసం తప్ప మరెవరూ ఎక్కరు!

ఈ లోపల (‘ఇంట్రా’), మధ్య (‘ఇంటర్’) అన్న తేడా ‘ఇంటర్‌అర్బన్’ అన్న ఆంగ్ల పదం పుట్టుకలోనూ ఉండటం విశేషం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రానికి చెందిన రాజకీయవేత్త చార్లెస్ హెన్రీ 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనలో, ఆవరణ లోపలే తిరిగే ‘ఇంట్రామ్యూరల్’ విద్యుత్ రైలును చూసి ఆకర్షితుడయ్యాడనీ, ‘ఇంటర్‌అర్బన్’ అన్న మాటను ఆయనే కల్పించాడనీ చెబుతారు. 1898లో ఆండర్సన్, అలెగ్జాండ్రియా పట్టణాల మధ్య ఆయన నడిపించిన రైలుతోనే ఇండియానాలో ఈ శకం మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి దేశం మొత్తం మీద ఈ మార్గాలు సుమారు 15,500 మైళ్లకు చేరాయి.

అయితే నా అసలు అభ్యంతరం ‘నగర’ మీద. ఈ బండి పట్టణంలో ట్రాములా నడివీధినే సాగి, పొలిమేర దాటగానే పొలాల పక్కన వేగం అందుకొని, ఆవిరి రైలు పట్టించుకోని అడ్డరోడ్ల దగ్గర కూడా రైతుల కోసం ఆగేది. రాత్రివేళ బండిని ఆపడానికి కాగితం వెలిగించి ఊపేవారట. ఇండియానా రాజధాని ఇండియానాపొలిస్ దక్షిణాన ‘స్టాప్ 11 రోడ్’ అన్న వీధి ఇప్పటికీ ఉంది; అది ఒకప్పటి ఇంటర్‌అర్బన్ ఆగే చోటు సంఖ్యే. 1904లో తెరిచిన ఆ నగరపు టెర్మినల్‌లో తొమ్మిది పట్టాల వరుసలు ఉండేవన్నది నిజమే కానీ, అక్కడికి చేరే బండి దారిలో మనుషులతో పాటు పల్లెల పాలూ గుడ్లూ ఎక్కించుకొనేది. ‘నగరాంతర’ అంటే మన పాఠకుడికి ఇంటర్‌సిటీ ఎక్స్‌ప్రెస్ తోస్తుంది, ఈ పల్లెలు కనబడవు. కాబట్టి ‘ఊళ్ల నడిమి ట్రాము’ అనండి.

మరొకరు: ‘ఊళ్ల నడిమి’ బాగుంది కానీ ‘ట్రాము’తో ఏకీభవించలేను. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నార్తర్న్ అన్న ఇంటర్‌అర్బన్ శాన్‌ఫ్రాన్సిస్కో ఖాతం ఒడ్డు నుంచి చికో దాకా సుమారు 180 మైళ్లు నడుస్తూ, దారిలో సుయిసున్ ఖాతాన్ని రైలుతో సహా ఫెర్రీ మీద దాటేది. ఇల్లినాయ్ టెర్మినల్ అన్న మరో ఇంటర్‌అర్బన్ సంస్థ సెయింట్ లూయిస్, పియోరియాల మధ్య పడక పెట్టెలు నడిపింది. పడుకొని వెళ్లే బండిని ట్రాము అంటే నప్పదు.

సమాధానం: మీ మాట సబబే, ‘ట్రాము’ను విరమించుకుంటున్నాను. వ్యాసంలో మొదటిసారి వచ్చినప్పుడు ‘ఊళ్ల నడిమి కరెంటు రైలు’ అని వివరించి, తరువాత ‘ఇంటర్‌అర్బన్’ అనే వాడండి. మద్రాసు బీచ్, తాంబరం మధ్య 1931లో వచ్చిన విద్యుత్ రైలును మాత్రం ఈ జాబితాలో చేర్చకండి. అది శివారు రైలు, దానికి ‘సబర్బన్’ అన్న వేరే మాటే ఉంది.