ఆపదలో ఉన్నవారికి యిర్మీయా 29:11ను వాగ్దానంగా ఇవ్వవచ్చునా?

సంధ్యాదీపం (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. కొన్ని నెలలుగా నన్ను వదలని ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నాను.

మా బావగారు పంతొమ్మిది రోజులు ఇంటెన్సివ్ కేర్‌లో ఉండి కన్నుమూశారు. మూడవ రోజున సంఘంలోని ఒక పెద్దావిడ యిర్మీయా 29:11ను తెల్లకాగితం మీద వ్రాసి తెచ్చి మా అక్క చేతిలో పెట్టారు. "నేను మిమ్మునుగూర్చి ఉద్దేశించిన సంగతులను నేనెరుగుదును" అని మన బైబిలులో ఉన్న చోట ఆమె "మిమ్మును" తీసి బావగారి పేరు వ్రాశారు; రాబోవు కాలమందు "మీకు" నిరీక్షణ కలుగునట్లు అన్న చోట "నీకు" అని మార్చారు. ప్రేమతోనే చేశారు, అందులో నాకు సందేహం లేదు. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి అరచేతిలోనే ఉంచుకునేది. చివరి రోజుకు చెమటకు సిరా పాకి, మడతల మీది అక్షరాలు చెదిరిపోయాయి. సమాధి కార్యక్రమం ముగిసిన తరువాత అది నాకు చూపించి, "ఈ మాట అసలు ఎవరికి చెప్పినది?" అని అడిగింది. పదేళ్లుగా సండేస్కూలులో పాఠాలు చెబుతున్న నేను జవాబు చెప్పలేకపోయాను.

ఈ వచనాన్ని కష్టంలో ఉన్న ఒక వ్యక్తికి వాగ్దానంగా ఇవ్వడం సరైనదేనా? పెద్దలు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

లేఖన విద్యార్థి

సహోదరీ, మీ అక్కగారి ప్రశ్న మనలో చాలామంది అడగవలసి ఉండి అడగనిది. ఇవ్వకూడదన్నది నా అభిప్రాయం; కనీసం ఆ విధంగా, పేరు చేర్చి, మిగిలిన ఉత్తరాన్ని దాచిపెట్టి ఇవ్వకూడదు.

అది నిజంగా ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజైన నెబుకద్నెజరు యెరూషలేమునుండి రాజైన యెకొన్యాను, అధిపతులను, పనితనం తెలిసిన వారిని బబులోనుకు చెరపట్టుకొని పోయాడు. రెండవ రాజుల గ్రంథం పదివేలమంది అని చెబుతుంది. యెరూషలేములోనే మిగిలిన ప్రవక్త యిర్మీయా వారికి ఉత్తరం వ్రాసి, సిద్కియా రాజు బబులోనుకు పంపుతున్న ఎల్యాశా, గెమర్యా అనే ఇద్దరి చేతికి ఇచ్చాడు. ఇండ్లు కట్టుకొండి, తోటలు నాటండి, పిల్లలకు పెండ్లిండ్లు చేయండి అని అందులో ముందుగా ఉంది. తోట నాటమన్నాడంటే ఫలం వచ్చేవరకు అక్కడే ఉంటారని అర్థం. పదవ వచనంలో గడువు కూడా ఉంది: బబులోనుకు డెబ్బది సంవత్సరాలు గతించిన తరువాతనే తిరిగి రప్పిస్తాను. ఆ "తరువాతనే" అన్న మాట వెనుకనే మనకు ఇష్టమైన పదకొండవ వచనం వస్తుంది.

ఉత్తరం అందిన రోజున ముప్పై ఐదేళ్లున్న మనిషి దానిని విని ఏమనుకొని ఉంటాడో ఒక్క నిమిషం ఆలోచించండి. తాను ఇంటికి వెళ్లడం లేదని అతనికి అర్థమై ఉంటుంది. ఆ వాగ్దానం నెరవేరింది, కాని అది విన్నవారిలో ఎక్కువమంది బబులోను మట్టిలోనే కలిశారు. కాబట్టి ఒక రోగి ఈ వారం స్వస్థపడతాడనడానికి దీనిని చూపడం, ఉత్తరం చెప్పిన దానికి సరిగ్గా వ్యతిరేకం చెప్పడమే.

అలా వ్యతిరేకంగా చెప్పినవాడు ఆ రోజుల్లోనూ ఉన్నాడు. ఒక అధ్యాయం వెనుకకు తిప్పితే హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండు సంవత్సరాలలోగా అందరూ తిరిగి వస్తారని చెప్పి, బబులోను దాస్యానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద ఉన్న కాడిని తీసి విరిచినవాడు అతడే. మనం 29వ అధ్యాయంలోని మాటలను 28వ అధ్యాయంలోని హనన్యా గొంతుతో చదువుతున్నామేమోనని నా భయం. (యిర్మీయా మొదట అతనితో "ఆమేన్, అలాగే జరుగును గాక" అన్నాడని గమనించండి. చేదు మాట చెప్పవలసి వచ్చిన ప్రవక్తకు కూడా తీపి మాటే నిజమైతే బాగుండుననిపించింది.)

ఇంకొక్క సంగతి. మన తెలుగు బైబిలులో దేవుడు ఒక్కరితో మాట్లాడేటప్పుడు "నీవు" అనే అంటాడు, రాజైనా సరే. అందులో "మీరు" గౌరవ వాచకం కాదు, బహువచనమే. ఆ పెద్దావిడ మార్చినది ఒక్క అక్షరమే అయినా, దానితో ఒక జనాంగానికి చెప్పిన మాట ఒక మనిషికి చెప్పినదైపోయింది.

మోకాళ్ల ప్రార్థన

వందనాలు. సహోదరుడు చెప్పిన చరిత్ర అంతా నిజమే గాని, ఆ లెక్కన మనకు బైబిలులో ఏమి మిగులుతుంది? ఇరువది మూడవ కీర్తన దావీదుదని మూసివేద్దామా? "నిన్ను ఏమాత్రమును విడువను, నిన్ను ఎన్నడును ఎడబాయను" అన్న మాట మోషే తరువాత జనులను నడిపించబోతున్న యెహోషువతో, అతడొక్కడితో, యొర్దాను దాటక ముందు చెప్పినది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదమూడవ అధ్యాయంలో దానినే తీసి, ధనాపేక్ష లేకుండ కలిగిన దానితో తృప్తిపడమని విశ్వాసులందరికీ వర్తింపజేశారు. ఒకరి వాగ్దానాన్ని అందరికీ పంచడం ప్రేరేపిత గ్రంథకర్తే చేశాడు కదా! పూర్వమందు వ్రాయబడినవన్నీ మనకు నిరీక్షణ కలుగుటకే వ్రాయబడ్డాయని రోమా 15:4 కూడా చెబుతుంది.

నాకు ఉద్యోగం పోయి పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నప్పుడు ప్రతి ఉదయం నన్ను మంచం మీదనుండి లేపినది ఈ వచనమే. అప్పుడు నాకు ఎల్యాశా తెలియదు, గెమర్యా తెలియదు. తెలియనందుకు దేవుడు నన్ను తోసివేశాడని నేను అనుకోవడం లేదు.

లేఖన విద్యార్థి

హెబ్రీ పత్రిక మాట బలమైనది, దానికి తలవంచుతున్నాను. పాత నిబంధనలోని వాగ్దానం వేరొకరికి చెందదని నేను అనలేను. అయితే ఆ పత్రిక ఏ వాగ్దానాన్ని అందరికీ ఇచ్చిందో చూడండి: నేను నీతో ఉంటాను అన్నదానిని. యెహోషువతోనే చెప్పిన మరొక మాట, మీరు అడుగుపెట్టు ప్రతి స్థలమును మీకిచ్చెదను అన్నది, అదే మొదటి అధ్యాయంలో రెండు వచనాల పైన ఉంది. దానిని ఆ పత్రిక ముట్టుకోలేదు. అదే పత్రిక పదకొండవ అధ్యాయంలో, వాగ్దానఫలం అనుభవింపకుండానే దూరమునుండి చూచి వందనము చేసి విశ్వాసముతో మృతినొందిన వారి జాబితా ఉంది. లేఖనాన్ని సందర్భంనుండి విడదీసి ఇవ్వడం ఎంత దూరం పోతుందో మత్తయి నాలుగవ అధ్యాయంలో యేసుకు తొంబది యొకటవ కీర్తన ఎత్తి చెప్పిన శోధకుడి (అపవాది) దగ్గర చూస్తాం. ఆ పెద్దావిడను అతనితో పోల్చడం నా ఉద్దేశం కాదు, దయచేసి అలా చదవకండి.

కొండగుర్తు

2 కొరింథీయులకు 1:20. వాగ్దానాలన్నీ క్రీస్తునందు అవును అన్నట్టుగానే ఉన్నవి. ఇంత చర్చ అవసరమా?

లేఖన విద్యార్థి

"క్రీస్తునందు" అన్న మాట దగ్గరే చర్చ మొదలవుతుంది సహోదరా. ఆయనకు కూడా సిలువ తరువాతనే పునరుత్థానం.

రాత్రి కాపరి

నేను ఆసుపత్రి పరిచర్యలో ఉన్నవాడిని. మంచం పక్కన నిలబడి వాక్యం చదవడం నాకు దాదాపు ప్రతిరోజూ ఉండే పని, కాబట్టి నాకు తెలిసిన కొంత చెబుతాను. ఇద్దరితోనూ కొంతవరకు ఏకీభవిస్తూనే, ఇద్దరూ వచనాన్ని పదకొండు దగ్గరే ఆపేశారని నా ఫిర్యాదు.

మొదట ఒక మాట గురించి. ఏడవ వచనంలో, మిమ్మును చెరగొనిపోయిన పట్టణపు "క్షేమము" కోరండి, దాని క్షేమము మీ క్షేమమునకు కారణమగును అని ఉంది. పదకొండులో "సమాధానకరమైన" ఉద్దేశములు అని ఉంది. హెబ్రీలో ఈ రెండు చోట్లా ఉన్నది ఒకటే మాట, షాలోమ్. మన అనువాదంలో మాట మారడంతో ఆ ముడి మనకు కనబడదు, పైగా బయట మాట్లాడే తెలుగులో సమాధానమంటే జవాబు. రెండింటినీ కలిపి చదివితే, దేవుడు వారి గురించి ఆలోచిస్తున్న షాలోమ్ డెబ్బది ఏళ్ల తరువాత మొదలయ్యేది మాత్రమే కాదని, శత్రువు పట్టణంలో ఇల్లు కట్టి, ఆ పొరుగువాని కోసం ప్రార్థించే రోజునుండే కొంత చేతికి వస్తుందని తెలుస్తుంది. కాబట్టి "అది వారి కాలానికే" అన్న వాదన నాకు పూర్తిగా నచ్చదు.

ఇక పన్నెండు, పదమూడు వచనాలు: మీరు నాకు మొఱ్ఱపెట్టుదురు, పూర్ణమనస్సుతో నన్ను వెదకినయెడల నన్ను కనుగొందురు. ఇక్కడ వాగ్దానం చేయబడినది ఆయనే. ఈ ఉత్తరపు గడువును చదివి ఒకడు ఏమి చేశాడో బైబిలులోనే ఉంది. దానియేలు, చెరపట్టబడి దాదాపు ఒక జీవితకాలం గడిచిన తరువాత, యిర్మీయా చెప్పిన డెబ్బది సంవత్సరాల సంగతి గ్రంథాలలో గ్రహించి, గోనెపట్ట కట్టుకొని, ధూళి తలపైన వేసికొని, ఉపవాసముండి "మేము పాపము చేసితిమి" అని ప్రార్థించాడు. వాగ్దానం అతని చేతికి దొరికినప్పుడు అతడు ఊరట చెందలేదు, మోకరించాడు.

ఆచరణలో నేను చేసేది ఇది. మొదటి రోజున ఏ వాగ్దానమూ చదవను. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేలమీద కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచిన తరువాతనే చెడిపోయారు. కుటుంబం వారే ఏదైనా చదవమంటే ఎనుబది యెనిమిదవ కీర్తన చదువుతాను. అది చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది, దాని చివర "అయినను" అంటూ ఏ ఓదార్పూ లేదు. అది విని, తమ స్థితిని బైబిలు ముందే వ్రాసి ఉంచిందని ఏడ్చినవారిని చూశాను. యిర్మీయా 29 చదవవలసి వస్తే ఒకటినుండి పద్నాలుగు వరకు చదువుతాను, మూడు నిమిషాలు పడుతుంది. "డెబ్బది" అన్న మాట దగ్గర గొంతు తగ్గించను.

మోకాళ్ల ప్రార్థన

అయ్యా, ఎనుబది యెనిమిదవ కీర్తన చదివే ధైర్యం నాకు లేదు. వినేవారు మరింత కుంగిపోతారేమో! నా అభిప్రాయం మార్చుకోలేదు. కాని పేరు చేర్చి వ్రాయడం ఇకమీద చేయను, అంతవరకు ఒప్పుకుంటున్నాను.

రాత్రి కాపరి

కొందరు కుంగిపోవచ్చు, నిజమే. అందుకే అడిగినవారికే చదువుతాను.

సంధ్యాదీపం

అందరికీ కృతజ్ఞతలు. మీ మాటలు అక్కకు చదివి వినిపించాను. హనన్యా సంగతి విన్నప్పుడు ఆమె ఏమీ అనలేదు. బబులోనునుండి నిజంగా ఎవరైనా తిరిగి వచ్చారా, ఆ మొదటివారిలో ఒక్కరైనా ఉన్నారా అని అడిగింది. ఎజ్రా మూడవ అధ్యాయం తీసి ఇచ్చాను. పారసీక రాజైన కోరెషు సెలవిచ్చిన తరువాత మందిరపు పునాది వేసినప్పుడు, మొదటి మందిరాన్ని చూచిన ముసలివారు గొప్ప శబ్దముతో ఏడ్చారని, చాలామంది సంతోషముచేత బహుగా అరిచారని, ఏది ఏడ్పో ఏది సంతోషమో జనులు తెలిసికొనలేకపోయారని అక్కడ ఉంది. అక్క ఆ రెండు వచనాలను రెండుసార్లు చదివి, "అయితే కొందరు మిగిలారు" అంది.

ఆ కాగితాన్ని ఆమె పారవేయలేదు. నిన్న దానిని విప్పి, "నీకు" మీద పెన్సిలుతో గీత గీసి పక్కన "మీకు" అని వ్రాసింది, క్రింద ఖాళీలో పన్నెండు, పదమూడు వచనాలు చేర్చింది. బావగారి పేరు కూడా తీసివేస్తావా అని అడిగాను. అది మాత్రం అలాగే ఉంటుందని చెప్పి, కాగితాన్ని మళ్లీ పాత మడతల మీదనే మడిచింది.