గాఢాంధకారపు లోయా, మరణపు నీడా? 23వ కీర్తనలో ఆ హెబ్రీ మాటకు అసలు అర్థం ఏమిటి

ఆమదాలవలస టీచర్:

అందరికీ వందనాలు. గత నెల మా నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. సమాధి దగ్గర పాస్టర్ గారు తెలుగులో 23వ కీర్తన చదివారు. తర్వాత మా అన్నయ్య కొడుకు, వాడు విశాఖలో ఇంగ్లీష్ మీడియం, తాత కోసం అదే కీర్తన ఇంగ్లీషులో చదివి మాకు అర్థం కావాలని వాడి మాటల్లో తెలుగులో కూడా చెప్పాడు. నాలుగో వచనం దగ్గర మన బైబిల్లో "గాఢాంధకారపు లోయలో నేను సంచరించినను" అని ఉంది కదా, వాడు "మరణపు నీడ పడిన లోయ" అన్నాడు. ఆ రోజు ఎవరూ పట్టించుకోలేదు, అమ్మ పట్టించుకుంది. "ఏటే, మన బైబిల్లో ఆ వచనంలో చావన్న మాటే లేదు, ఆడి దాంట్లోకి ఎలా వచ్చింది?" అని నెల రోజులుగా అడుగుతూనే ఉంది. అమ్మ ఐదో తరగతి వరకే చదివింది, కానీ కీర్తనలు సగానికి సగం కంఠతా వచ్చు, ఒక్క మాట మారినా పట్టేస్తుంది.

ఫోన్లో స్ట్రాంగ్స్ నంబర్లు (బైబిల్లోని ఒక్కో హెబ్రీ మాటకు ఒక్కో నంబరు) ఉన్న యాప్ వేసుకుని చూశాను. ఆ మాట నంబరు 6757, నొక్కితే మరణపు నీడ అనే అర్థం వచ్చింది. అంటే మన తెలుగు బైబిల్ తప్పా?

ఇంకోటి కూడా ఉంది, నిజానికి ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. నాన్న పక్షవాతం వచ్చి రెండేళ్లు ఇబ్బంది పడ్డారు. ఆయన ఉండగానే ఒక కూడికలో ఒక బోధకుడు ఇదే వచనం తీసుకుని "నీ దండమును నన్ను ఆదరించును, అంటే దండన, హెబ్రీలో చూస్తే తెలుస్తుంది, దేవుడు ముందు కొట్టి తర్వాత ఆదరిస్తాడు" అని చెప్పారు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. హెబ్రీలో నిజంగా అలా ఉందా?

వచ్చే శనివారం ఇంట్లో ఆదరణ కూడిక, నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. హెబ్రీ అక్షరం ముక్క రాని నాలాంటివాళ్లు ఇలాంటివి ఎలా చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి. నేను బడిలో తెలుగు చెబుతాను, కాబట్టి వ్యాకరణం మాటలు వచ్చినా ఫరవాలేదు.

మూడు లాంతర్లు, విజయనగరం:

సిస్టర్, నాన్నగారి గురించి విని బాధ కలిగింది. మీ ప్రశ్న మాత్రం చాలా మంచిది, దీని మీద పండితులు ఇప్పటికీ రెండు వైపులా ఉన్నారు, మీ అమ్మగారు సరిగ్గా అక్కడే వేలు పెట్టారు.

మీరు తెలుగు టీచర్ కాబట్టి సులభంగా చెప్పొచ్చు. హెబ్రీని మొదట్లో హల్లులతోనే రాసేవారు, మనకున్నట్టు గుణింతం లేదు. బోర్డు మీద మీరు "క ల" అని రెండక్షరాలే రాస్తే అది కల కావచ్చు, కాలు కావచ్చు, కీలు, కూలి ఏదైనా కావచ్చు, వాక్యం చూసి పిల్లలు పోల్చుకోవాలి. అచ్చులకు గుర్తులు తర్వాత వచ్చాయి, క్రీ.శ. 6 నుంచి 10వ శతాబ్దం మధ్య మసోరెట్లు అనే యూదు పండితులు ఆ గుర్తులు పెట్టారు, గలిలయ సముద్రం ఒడ్డునున్న తిబెరియలో పెట్టిన పద్ధతే మనదాకా వచ్చింది. ఈ మాటలో హల్లులు త్స, ల, మ, వ, త. ఇందులో "వ" ఉంది చూశారా, ఆ అక్షరం హెబ్రీలో వ గానూ పలుకుతుంది, ఊ గానూ ఓ గానూ కూడా నిలబడుతుంది. త్సల్మావెత్ అని చదివితే త్సేల్ అంటే నీడ, మావెత్ అంటే మరణం, రెండూ కలిసి మరణపు నీడ. త్సల్మూత్ అని చదివితే నలుపు, చిక్కటి చీకటి. హెబ్రీకి బంధువైన అక్కాడీ భాషలో ఇవే హల్లులతో నల్లబడడం అనే క్రియ ఉంది, చీకటి అనేవాళ్లకు అదొక ఆధారం. అలాగని నీడ అన్నవాళ్లు కొత్తగా కల్పించిందీ కాదు, క్రీస్తుకు ముందే యూదులు చేసుకున్న గ్రీకు అనువాదంలో ఇదే కీర్తనలో మరణపు నీడ అనే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మన తెలుగు బైబిల్లోనే యెషయా 9:2 తీయండి, "మరణచ్ఛాయగల దేశనివాసులమీద వెలుగు ప్రకాశించును". అక్కడ హెబ్రీలో ఉన్నది ఇదే మాట, ఇదే 6757. కాబట్టి మన అనువాదకులకు రెండు అర్థాలూ తెలుసు, ఒకచోట ఛాయ అన్నారు, ఒకచోట గాఢాంధకారం అన్నారు. మీ మేనల్లుడు చదివిందీ తప్పు కాదు, అమ్మగారికి వచ్చిందీ తప్పు కాదు.

స్ట్రాంగ్స్ గురించి ఒక్క మాట. అది 1890లో అచ్చయిన పదసూచిక, 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ఏ మాట ఎక్కడుందో వెతుక్కోవడానికి చేసింది. నంబరు కింద కనిపించే వాటిలో ఎక్కువ భాగం ఆ ఇంగ్లీషు బైబిల్ ఈ మాటను ఎలా తర్జుమా చేసిందో చెప్పే జాబితా. దాన్ని నిఘంటువు అనుకుని "ఇదే మూలార్థం" అనేస్తే ఇబ్బంది. నంబరును అర్థం కోసం కాకుండా అడ్రసు కోసం వాడండి, ఆ మాట ఇంకా ఎక్కడెక్కడ ఉందో అది చూపిస్తుంది, అక్కడికి వెళ్లి తెలుగులో ముందూ వెనకా చదువుకోవచ్చు. త్సల్మావెత్ మొత్తం 18 సార్లు వస్తుంది, అందులో 10 సార్లు యోబు గ్రంథంలోనే. ఒక సాయంత్రం కూర్చుంటే అన్నీ అయిపోతాయి.

రాజాం పెద్దాయన:

అమ్మా, నేను 40 ఏళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. నాకు హెబ్రీ రాదు, ఆ లోటు నాకెప్పుడూ అనిపించలేదు. ఈ మధ్య ప్రసంగం చెప్పే ప్రతివాళ్లూ "మూలభాషలో" అని మొదలుపెడుతున్నారు, ఆ మాట అన్నాక ఎదురుగా కూర్చున్నవాళ్లు ఇంకేం అడగగలరు? మీ అమ్మగారిలాంటి వాళ్లు అరవై ఏళ్లు నమ్ముకున్న వచనాన్ని ఒక్క నిమిషంలో అనుమానంలో పడేస్తున్నారు. 1805లోనే విశాఖపట్నం వచ్చి జార్జి క్రాన్, ఆగస్టస్ డిగ్రాంజెస్ అనే మిషనరీలు తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ గారి సాయంతో సువార్తలు తెలుగు చేయడం మొదలుపెట్టారు. వాళ్ల తర్వాత ఎంతమంది కష్టపడితే పాత నిబంధన మన చేతికొచ్చింది! యాప్ చూసి తప్పు అనకండి.

బొబ్బిలి కోట వీధి:

పెద్దాయన గారి బాధ న్యాయమైనదే. నేను బైబిల్ కాలేజీలో ఏడాది హెబ్రీ చదివాను, అక్కడ మా మాస్టారు మొదటి వారమే చెప్పిన జాగ్రత్త ఇదే, మాటను విరిచి ముక్కల్లో అర్థం వెతకొద్దని. లెహెమ్ అంటే రొట్టె (బేత్లెహేము అంటే రొట్టెల ఇల్లు), మిల్హామా అంటే యుద్ధం, రెండింటిలోనూ ల, హ, మ ఉన్నాయి. అంతమాత్రాన యుద్ధం రొట్టె కోసం పుట్టిందని ప్రసంగం చెప్పకూడదు కదా. చీపురుపల్లి బస్సెక్కేవాళ్లకు చీపుళ్లు గుర్తొస్తాయా? ఊరి పేరు అంతే. వాడుకలో మాట ఏం చేస్తోందో అదే దాని అర్థం.

అయితే పెద్దాయనా, టీచర్ గారి రెండో ప్రశ్న చూడండి, "దండము" గురించి. అక్కడ తప్పు దారి పట్టించింది హెబ్రీ కాదు. హెబ్రీ చూడకుండానే హెబ్రీలో ఉందని చెప్పడం వల్ల ఆ తప్పు వచ్చింది. అక్కా, ఇది కొంచెం వివరంగా రాస్తాను, శనివారం మీకు పనికొస్తుంది.

ఆ వచనంలో రెండు కర్రలున్నాయి. దుడ్డుకర్ర హెబ్రీలో షెవెత్. అది కాపరి చేతి దుడ్డు, రాజు చేతి రాజదండం కూడా. సామెతలు 13:24లో "బెత్తము" ఇదే మాట. లేవీయకాండం 27:32లో మంద లెక్కపెట్టేటప్పుడు గొర్రెలు దాని కింద నడిచే "కోల" కూడా ఇదే. శిక్షకు వాడే సందర్భాలు దీనికి ఉన్నాయి, కాదనను. రెండోది, మన బైబిల్లో "దండము" అని ఉన్నది, మిష్ఎనెత్. అది ఆనుకోవడం అనే క్రియ నుంచి వచ్చింది. ఇప్పుడే కదా ముక్కలు విరవొద్దన్నావు అంటారేమో, అందుకే వాడుక చూద్దాం. నిర్గమకాండం 21:19లో దెబ్బలు తిని మంచాన పడ్డవాడు లేచి ఇదే కర్ర పట్టుకుని బయట తిరుగుతాడు. జెకర్యా 8:4లో యెరూషలేము వీధుల్లో కూర్చునే ముసలివాళ్ల చేతిలో ఇదే కర్ర, వయసు మీద పడి. 2 రాజులు 4:29లో ఎలీషా గేహజీకి ఇచ్చి చనిపోయిన పిల్లవాడి ముఖం మీద పెట్టమన్నది ఇదే కర్ర. యెషయా 36:6లో ఆనుకుంటే చేతికి గుచ్చుకునే నలిగిన రెల్లుకర్ర అని ఐగుప్తును అన్నారు, ఆ మాటా ఇదే. ఒక్కచోట కూడా ఎవరినీ కొట్టిన కర్ర కాదిది.

మరి గందరగోళం ఎక్కడ వచ్చిందంటే, కీర్తన 2:9లో "ఇనుపదండముతో" నలుగగొట్టే దండం హెబ్రీలో షెవెత్. ఇక్కడి దండం మిష్ఎనెత్. తెలుగులో రెండుచోట్లా ఒకే మాట పడింది. దండం అంటే కర్రే, తెలుగు సరిగ్గానే ఉంది, మన చెవికి మాత్రం దండన వినిపిస్తుంది. అలాంటిచోట నంబర్లు నిజంగా అక్కరకొస్తాయి, రెండూ వేర్వేరు మాటలని అవి వెంటనే చూపిస్తాయి.

"ఆదరించును" కూడా చూడండి. యెషయా 40:1లో "నా జనులను ఓదార్చుడి ఓదార్చుడి" అన్న క్రియ ఇదే. మీరు పెట్టుకునేది ఆదరణ కూడిక కదా, ఇంకేం కావాలి.

ఆమదాలవలస టీచర్:

అందరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని ఆ 18 చోట్లూ తీశాను, నేను చదువుతుంటే అమ్మ పక్కన విన్నది. కొన్నిచోట్ల అది నిజంగా మరణమే, యోబు 38:17లో మరణ ద్వారాల పక్కనే ఈ మాట ఉంది. కొన్నిచోట్ల చావుతో పనే లేదు. యోబు 28:3లో గనిలోకి దిగి రాళ్లు వెతికే మనుషుల చుట్టూ ఉన్న చీకటి అది, ఆమోసు 5:8లో దేవుడు తెల్లవారుజాముగా మార్చే చీకటి. యిర్మీయా 2:6లో అరణ్యం గుండా ప్రజలు నడిచి వచ్చిన దారికి ఈ మాట వాడారు. యోబు 16:16లో ఏడ్చి ఏడ్చి కనురెప్పల మీద నిలిచిపోయిన నలుపు కూడా ఇదే. అది చదివినప్పుడు అమ్మ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుని "ఇదీ నాకు తెలుసు" అంది.

నాకు అనిపించింది ఏమిటంటే, కీర్తన రాసినాయన మందను తోలుకుని ఇరుకు లోయలో నడిచే చీకటినే చెప్పి ఉంటాడు, మరణం కూడా అలాంటి చీకట్లలో ఒకటి, అందుకే సమాధి దగ్గర చదివినా సరిపోయింది. నీడ అన్న మాట ఇంకో రకంగా కూడా నాకు నచ్చింది, 121వ కీర్తనలో "యెహోవా నీకు నీడగా ఉండును" అన్న నీడ కూడా త్సేల్ అట, మన శ్రీకాకుళం ఎండల్లో నీడ విలువ ఎవరికీ చెప్పక్కర్లేదు. కానీ బొబ్బిలి బ్రదర్ చెప్పినట్టు మాటను విరిచి దాని మీద ప్రసంగం కట్టను, అక్కడ ఆపేస్తాను.

పెద్దాయన గారూ, తప్పు అన్నందుకు క్షమించండి, ఇంక అనను.

దండం సంగతి చెప్పినప్పుడు అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నాన్న ఆ రెండేళ్లూ పట్టుకు నడిచిన వెదురు కర్ర ఇంకా తలుపు మూలనే ఉంది, పొలం పనికొచ్చే అతను అడిగితే ఇచ్చేద్దామనుకున్నాం. అమ్మ ఇవ్వొద్దంది. శనివారం ఆ కర్ర ఎదురుగా పెట్టుకుని మాట్లాడతాను, నిర్గమకాండం, జెకర్యా రెండూ చదువుతాను, యోబులో ఒక్క వచనం. ఐదు నిమిషాలకు అంతకంటే పట్టదు. ఇప్పుడు ఆరో వచనంలో "కృపాక్షేమములు" ఒక మాటా రెండు మాటలా అని అడుగుతోంది అమ్మ.

రాజాం పెద్దాయన:

క్షమించడానికేముందమ్మా, నువ్వు చేసిన పని నేనూ ఇవాళ చేశాను, మనవడి చేత యాప్ పెట్టించుకుని.

మూడు లాంతర్లు, విజయనగరం:

రెండు మాటలే సిస్టర్, తోవ్ అంటే మేలు, హెసెద్ అంటే కృప, 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అని 26 సార్లు వచ్చేది ఈ హెసెదే. దాంతోపాటు "నా వెంట వచ్చును" అన్న క్రియ కూడా తీయండి, నంబరు 7291. నిర్గమకాండం 14లో ఫరో రథాలేసుకుని ఇశ్రాయేలీయుల వెంటపడి తరిమినప్పుడు కూడా ఇదే మాట రాశారు. అమ్మగారికి ఆ రెండూ పక్కపక్కన చదివి వినిపించండి.