‘తాగితే పొగ, తింటే...’ పగా? సెగా?

గుత్తి కుర్రోడు: మా జేజినాయన మాటొకటి మూడు రోజులుగా బుర్ర తొలుస్తోంది. ఊరి సత్రంలో దిగిన బైరాగుల చిలుం చూపించి, గంజాయి సంగతి ‘తాగితే పొగ, తింటే పగ’ అనేవాడు. కాదు, ‘సెగ’ అంటాడు మా పెద్దనాయన. ఎవరైనా విన్నారా?

ప్రొద్దుటూరు మాస్టారు: ఇది వేమన్న దెబ్బే. మకుటం ఎవరో జారవిడిచారు. వేమన్న సమాధి ఉన్న కటారుపల్లెకు నాలుగుసార్లు పోయొచ్చినవాణ్ణి, ఆ నుడి నాకు తెలియదా!

కర్నూలు గురులఘువు: మాస్టారూ, ఆటవెలదిలో వేసి చూడండి. ‘తాగి’, ‘తేపొ’ వరకు సూర్యగణాలే. మూడోది ‘గతిం’, లగం, అంటే ముందు లఘువు, తర్వాత గురువు; అది సూర్యగణం కాదు. అక్కడే బండి దిగబడింది. పోనీ పగైనా సెగైనా రెండు లఘువులే, కాబట్టి ఈ తగువు ఛందస్సుతో తెగదు.

ప్రొద్దుటూరు మాస్టారు: జనం నోట్లో నలిగితే గణం చెడదా నాయనా? బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేసేనాటికే ఎన్ని పాఠాంతరాలో!

ఆదోని మందుల షాపు: పగే. పొగ పీలిస్తే గంజాయిలో మత్తెక్కించే పదార్థం టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నెత్తురులోకి, అక్కణ్ణుంచి మెదడుకు నిమిషాల్లో పోతుంది. తింటే అరగంట, ఒక్కోసారి రెండు గంటలు ఏమీ తెలియదు. ‘ఏం ఎక్కలేదే’ అని ఇంకో ఉండ వేసుకుంటారు. ఈలోగా కాలేయం దాన్ని ఇంకా గట్టి మత్తుగా మార్చి వదులుతుంది. ఇక గంటల తరబడి దిగదు. కాచుకొని కొడితే పగ కాదా? పైగా ఒంటి కొవ్వులో దాక్కుంటుంది. రోజూ వాడేవాళ్లు మానేసిన వారాల తర్వాత కూడా మూత్రపరీక్షలో దొరికిపోతారు.

కడప గడప: అక్కా, అట్లయితే సెగ కూడా చెల్లుతుంది. కళ్లలో సన్న నరాలు ఉబ్బి ఎర్రబడతాయి, గుండె దడదడ కొట్టుకుంటుంది. చూసేవాళ్లకు లోపల పొయ్యి రాజేసినట్టే ఉంటుంది.

ఆదోని మందుల షాపు: అవి నరాలు కావు తమ్ముడూ, రక్తనాళాలు. మిగతాది నిజమే.

కర్నూలు గురులఘువు: మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. మెదడులో టీహెచ్‌సీ పోయి అతుక్కునే చోట్లు దానికోసం పుట్టినవి కావు. మన ఒంట్లోనే తయారయ్యే పదార్థం ఒకటి అక్కడ పనిచేస్తుంది. 1992లో దాన్ని కనిపెట్టినవాళ్లు సంస్కృతం నుంచి ‘ఆనందం’ తీసుకొని ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆనందమే బ్రహ్మమన్న తైత్తిరీయ ఉపనిషత్తు చదివినవాళ్లకు నవ్వొస్తుంది.

ప్రొద్దుటూరు మాస్టారు: ఆనందం అంటే మళ్లీ వేమన్న దగ్గరికే రావాలి...

కడప గడప: రావద్దు సార్, దండం పెడతా.

గుత్తి కుర్రోడు: ఇప్పుడే అమ్మకు ఫోన్ చేశా. పగా కాదు, సెగా కాదంట. ‘తింటే దగ’ అనేవాడంట!

ఆదోని మందుల షాపు: దగ అంటే దప్పిక కదా! లాలాజలం తగ్గి నోరు పిడచకట్టుకుపోతుంది. అదే అయ్యుంటుంది. కానీ తాగినా ఎండుతుందే, తింటేనే అని ఎందుకన్నాడు?

కర్నూలు గురులఘువు: అమ్మను ఇంకోసారి అడుగు తమ్ముడూ. దగనా, దగానా? దీర్ఘం ఉంటే దప్పిక కాదు, మోసం.