కుక్క గడ్డి తింటోంది, మాన్పించాలా?

పటమట_బ్రౌనీ:
నాటు కుక్క, మూడేళ్లు, 15 కిలోలు. పొద్దున్నే ఆరింటికి బందరు కాలవ గట్టుకి తీసుకెళ్తే గరిక కనపడ్డ చోటల్లా ఆగి మేస్తోంది. వారంలో రెండుసార్లు పసుపు నురగ కక్కుతుంది, తర్వాత హుషారే. తిండి రాత్రి ఏడింటికి పెరుగన్నం, మళ్లీ పొద్దున ఎనిమిదికి. నట్టల మందు వేసి ఎనిమిది నెలలైంది. కడుపు బాగోకే తింటోందా?

మూగజీవి:
ఆ మాట అందరూ అంటారు గానీ చాలా కుక్కల విషయంలో నిజం కాదండీ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ వాళ్ల 2008 సర్వేలో, తినేముందు తరచూ నలతగా కనిపించినవి 8 శాతమే. తిన్నాక తరచూ కక్కేవి 22 శాతం. తోడేళ్లూ గడ్డి తింటాయి. నాలుగు పరకలు కొరికితే కంగారు అక్కర్లేదు.

మీ దాని లెక్క వేరు. పదమూడు గంటలు ఖాళీ కడుపు! అంతసేపు ఏమీ లేకపోతే పైత్యరసం పొట్టలోకి ఎగదన్ను​తుంది, ఆ పసుపు నురగ అదే అయ్యుండొచ్చు. రోజు తిండిలోంచే నాలుగో వంతు తీసి రాత్రి పదిన్నరకి పెట్టండి. అదనంగా పెడితే ఒళ్లొస్తుంది. పది రోజుల్లో తగ్గకపోతే డాక్టరుకి చూపించాల్సిందే.

నట్టల మందు పెద్ద కుక్కకి మూడు నెలలకోసారి. ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిసిన మాత్ర మామూలుగా 10 కిలోలకి ఒకటి, అంటే మీకు ఒకటిన్నర. అందాజుగా కాదు, తూకం వేసి, అట్ట మీద చదివి ఇవ్వండి.

తెనాలి_రోడ్డు:
ఉత్త పెరుగన్నంతో మాంసకృత్తులూ చాలవు, పీచూ చాలదు. ఉడికించిన చికెనో గుడ్డో కలపండి. తీపి గుమ్మడి ఉడకబెట్టి మెదిపి ఒక చెంచాతో మొదలుపెట్టి, వారంలో రెండు పెద్ద చెంచాలకి పెంచండి. ఒక్కసారే పెంచితే విరేచనాలు. ఉల్లి, వెల్లుల్లి పడ్డ కూర మాత్రం కలపొద్దు.

గడ్డి కన్నా దాని మీద ఏం పడిందో చూసుకోవాలి. మా గుంటూరు వైపు మిరప, పత్తి చేల గట్లు అసలొద్దు. క్లోరిపైరిఫాస్ లాంటి పురుగుమందు ఒంట్లోకెళ్తే చొంగ, వణుకు, కనుపాపలు సూదిమొనంత అవడం. ఉప్పునీళ్లు పోసి కక్కించకండి, డబ్బా ఫొటో తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తండి. కాలవ గట్టంటే ఎలుక మూత్రం కూడా. దాంతో అంటే లెప్టోస్పైరోసిస్ జబ్బుకి టీకా ఏటా వేయించాలి. గన్నేరు ఆకు దగ్గరికి పోనివ్వొద్దు.

పటమట_బ్రౌనీ:
గొలుసు లాగితే ఇంకా ఆబగా మింగేస్తోందండీ.

మూగజీవి:
లాక్కుంటారని దానికి తెలిసిపోయింది మరి. చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టి తల పక్కకి తిప్పగానే "వదిలెయ్" అనండి, వెంటనే ముక్క ఇవ్వండి. ముందు ఇంట్లో అలవాటు చేసి తర్వాత గట్టు మీద.

అంత ఇష్టమైతే కుండీలో గోధుమ గడ్డి పెంచండి. గింజలు రాత్రంతా నానబెట్టి, మట్టిలో చల్లి, పలచగా మన్ను కప్పి రోజూ తడపండి. పది రోజుల్లో జానెడు వస్తుంది. ఎరువు, మందు వద్దు. మన ఎండకి నీడన పెట్టకపోతే మాడిపోతుంది.

మలద్వారం దగ్గర పరక వేలాడితే బలంగా లాగొద్దు, పేగు తెగే ప్రమాదం. ఉత్త డోకులు, పొట్ట డ్రమ్ములా బిగుసుకోవడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. పొట్ట మెలితిరిగి ఉండొచ్చు, గంటల్లో ప్రాణం పోతుంది.